టైలర్ మామ కుట్టిన కరాటే ప్యాంట్లు

కాలు తలకంటే ఎత్తుకు లేవకపోతే వాడసలు మనిషే కాదని మా ప్రొద్దుటూరు పిల్లలందరం నమ్మిన కాలం ఒకటుండేది, నా చిన్నప్పుడు. ఊళ్లోకి కరాటే పిచ్చి ఎట్లా వచ్చిందో, ఎవరు తెచ్చారో చెప్పలేను. వచ్చాక మాత్రం ఏ తలుపూ, ఏ బిందే, ఏ గోడా క్షేమంగా లేదు. బడికి పోయే దారిలో కరెంటు స్తంభాన్ని తన్నకుండా పోయిన పిల్లవాడు లేడు. మా పక్కవీధి స్నేహితుడొకడు, ఒంట్లో కాస్త బరువున్నవాడు, అంగడి ముందు వేలాడుతున్న అరటి గెలను తన్నబోయి వెనక్కిపడి ఉల్లిగడ్డల గంపలో కూర్చున్నాడు. వాణ్ని లేపడానికి గంపను కొయ్యాల్సి వచ్చింది.

నేనూ తక్కువ తినలేదు. మా నాయనకు బజారులో శనగనూనె అంగడి ఉండేది. ఒకనాడు ఆ స్నేహితుడికే నా ప్రతాపం చూపించాలని నిండు నూనె డబ్బాకు ఎదురుగా నిలబడి కాలు లేపాను. డబ్బాకు తగలకుండా కాలు దాని మీదినుంచి పోతుందని నా లెక్క. లెక్క తప్పింది. ఆ సాయంత్రం మా అంగడి ముందుకు వచ్చినవాళ్లెవరూ నడిచి పోలేదు, జారి పోయారు. ఒక పెద్దాయన సైకిలుతో సహా ఎదుటి టెంకాయల అంగట్లోకి నేరుగా వెళ్లిపోయి, అక్కడ దిగి, తనకు టెంకాయలు అక్కర్లేదని చెప్పాడు.

మా నాయన పెద్ద కోపిష్ఠి. చిన్నదానికే వీధి చివరిదాకా వినిపించేట్టు అరిచే మనిషి. అటువంటివాడు ఆ రోజు అరవలేదు. నాకు భయం వేసింది అందుకే. అన్నం తింటూ తింటూ, తల కూడా ఎత్తకుండా, "వీణ్ని పులివెందులకు పంపిస్తా. వాళ్ల మామ దగ్గరుండి సదువుకోనీ" అన్నాడు.

పులివెందులలో మా మేనమామకు చీనీ తోట, అదే బత్తాయి తోట, ఉంది. మంచివాడే, కానీ పిల్లలను కోడి కుయ్యకముందే లేపి చెట్లకు నీళ్లు కట్టించేవాడు. నా అసలు భయం అది కూడా కాదు. బయట ఎంత కరాటే వీరుడినైనా, ఇంట్లో అమ్మ చీర కొంగు పట్టుకుంటే తప్ప నాకు నిద్ర పట్టేది కాదు. ఈ సంగతి మా స్నేహితులకు తెలియదు, తెలిస్తే నా కరాటే అంతటితో సరి. అమ్మను వదిలి ఎట్లా ఉండాలో తెలియక మరునాడంతా గొడ్ల పాకలో కూర్చుని ఏడ్చాను.

నన్ను కాపాడడానికి వచ్చినవాడు టైలర్ మామ. మాది ఒక పక్క ఇల్లయితే, ఎదుటి ఇల్లు ఆయనది. వాళ్లు ముస్లిములు, మేము హిందువులం. ఆయన మా అమ్మను చెల్లెలా అని పిలిచేవాడు కాబట్టి మాకు మామ అయ్యాడు, మా నాయనకు బావ అయ్యాడు. చాలా ఏళ్లు కువైట్‌లో కుట్టుపని చేసి తిరిగొచ్చాడు. అక్కడ ఆయన గదిలో ఉండిన ఫిలిప్పీన్స్ మనిషి ఒకడు కరాటే బాగా తెలిసినవాడట. సెలవు రోజుల్లో మామ అతని దగ్గర నేర్చుకున్నాడట. మామ సన్నటి మనిషి. మెడలో టేపు, చెవి మీద సుద్దముక్క, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. ఆయన్ను చూసి పిల్లి కూడా పక్కకు తొలగదు. ఊళ్లో కరాటే నేర్పగలిగినవాడు ఆయనొక్కడే కావడం మాకందరికీ కొంచెం చిన్నతనంగానే ఉండేది.

"నాకియ్యి బావా పిల్లోణ్ని. ఈ కాలికి నేను బుద్ధి సెప్తా" అన్నాడు మా నాయనతో.

మా నాయన ఒక షరతు పెట్టాడు. "జమ్మలమడుగులో మీదేందో ప్రదర్శన ఉందంటాండావు గదా. ఆడికి నేనే వస్తా, సూస్తా. వీనికి రవ్వంతన్నా కుదురు వచ్చింటే ఈడే ఉంటాడు. రాకుంటే ఆన్నుంచి ఆన్నే పులివెందుల బస్సెక్కిస్తా."

అట్లా నా చదువు, నా ఇల్లు, మా అమ్మ కొంగు అన్నీ నా కాలి మీద ఆధారపడ్డాయి.

మాకు పాఠాలు పెన్నేటి ఇసుకలో జరిగేవి. ఏట్లో నీళ్లుండేది తక్కువ, ఇసుక మాత్రం కావలసినంత. తెల్లవారగానే అందరం పోయి వరసలో నిలబడేవాళ్లం. మామ చెప్పేది ఎప్పుడూ ఒకటే. "కిక్కు అంటే కాలు కాదురా. ముందు మోకాలు లేవల్ల. మోకాలు యాడికి సూస్తే కాలు ఆడికే పోతాది. పోయిన కాలు పోయినదానికంటే బిరీన ఎనక్కి రావల్ల. అది రాలేదంటే నువ్వు ఒంటి కాలి మీద కొంగ మాదిరి ఉంటావు, ఎవురైనా తోస్తారు." నడుము ఎత్తు చాలని, నేల మీద ఉన్న పాదం కదలకూడదని, చూపు ఎదుటివాడి రొమ్ము మీద ఉండాలి గానీ మన కాలి మీద ఉండకూడదని చెప్పేవాడు. మేము తల ఊపేవాళ్లం. ఆయన అటు తిరగగానే ఆకాశాన్ని తన్నేవాళ్లం. తన్ని, ఇసుకలో వెల్లకిలా పడి, పడినది కూడా కరాటేలో భాగమే అన్నట్టు కాసేపు అట్లాగే ఉండేవాళ్లం.

"అంత ఎత్తుకు ఎవురికోసరంరా?" అని అడిగాడు ఒకనాడు.

ఆయనే చెప్పాడు. "సూసేటోళ్ల కోసరం. వాళ్లు సూసి పోతారు. నడుము నొప్పి నీకుంటాది."

ఈ మాట కూడా మా తలకెక్కలేదు. మామ ఇంక అరిచి లాభం లేదనుకున్నాడు కాబోలు, ఒక ఉదయం వచ్చి, ప్రదర్శనకు అందరికీ తెల్ల డ్రెస్సులు తానే కుడతానన్నాడు. మా సంతోషానికి అంతు లేదు. మమ్మల్ని వరసగా పిలిచి కొలతలు తీసుకున్నాడు. మామూలు కొలతలు అయ్యాక ఒక్కొక్కడినీ మోకాలు నడుము దాకా లేపి అట్లాగే ఉండమని, కాళ్ల మధ్య టేపు పెట్టి మళ్లీ కొలిచాడు. కువైట్‌లో ఇట్లాగే కొలుస్తారు కాబోలు అనుకుని మేము గర్వంగా నిలబడ్డాం.

డ్రెస్సులు వచ్చాయి. తెల్లగా, మడత నలగకుండా, నడుముకు పట్టీతో ఎంత ముచ్చటగా ఉన్నాయో చెప్పలేను. మరుసటి ఉదయం ఇసుకలో అందరికంటే ముందు నిలబడి, గట్టిగా కేక పెట్టి, కాలు నా ఎత్తుకు మించి విసిరాను. పర్రుమంది. ముందు నుంచి వెనక దాకా చల్లటి ఏటిగాలి తెలిసింది. అందరూ నవ్వారు. నవ్వుతూనే నా బరువు స్నేహితుడు తన వంతు తన్నాడు, వాడిది ఇంకా పెద్ద శబ్దంతో పోయింది. పొద్దు ఇంకా సరిగా ఎక్కకముందే మా వరసలో నిండు ప్యాంటుతో ఉన్నవాడు ఎవడూ లేడు. పుస్తకాల సంచులు వెనక అడ్డం పెట్టుకుని, గోడలకు వీపు ఆనించుకుంటూ ఇళ్లకు చేరాం.

మామ చినిగినవి తీసుకుని కుట్టి ఇచ్చాడు. మళ్లీ తన్నాం, మళ్లీ చినిగాయి, మళ్లీ కుట్టాడు. ఎన్నిసార్లు కుట్టినా అదే బిగువు. మా వీధిలో మాట లేచింది. కువైట్‌లో ఉండి ఉండి ఈయన కుట్టుపని మర్చిపోయాడని, ఎక్కువ గుడ్డ మిగుల్చుకుంటున్నాడని, చూపు తగ్గిందని, ఎవరికి తోచినది వాళ్లు అన్నారు. రవికెలు కుట్టడానికిచ్చిన ఆడవాళ్లు తిరిగి తీసుకుపోయారు. మామ ఆ మాటలన్నీ విని, మిషను తొక్కుతూనే ఉండేవాడు.

చివరికి మా అమ్మ చినిగిన ప్యాంటు చేతబట్టుకుని వాళ్లింటికి పోయింది. నేను వెనకాలే పోయాను.

"ఏందన్నా ఇది, అరబ్బోళ్లకు గూడా ఇట్లనే కుట్టినావా?" అంది.

"గుడ్డ మంచిదే చెల్లెలా. పిల్లోడే తొందర పడతాండాడు" అన్నాడు మామ, కళ్లద్దాలు పైకి తోసుకుంటూ.

అమ్మకు కుట్టు గురించి తెలుసు. ప్యాంటును వెలుతురుకు పట్టుకుని, కుట్టు దగ్గర వేలుతో తడిమి చూసింది. తరవాత మామ ముఖం చూసింది. ప్యాంటు అక్కడే పెట్టి, నవ్వుకుంటూ వచ్చేసింది. ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పలేదు. చెప్పి ఉంటే నా కథ వేరుగా ఉండేది.

చేసేది లేక మేము చినగనంత ఎత్తులో తన్నడం నేర్చుకున్నాం. ప్యాంటు ఒప్పుకునేది నడుము దాకా. అది కూడా మోకాలు ముందు లేపితేనే. కాలును అట్లా తిన్నగా విసిరితే నడుముకు రాకముందే కుట్టు పటపటమనేది. లేచిన కాలు అక్కడే ఉంచినా కుట్టు మీద బరువు పడేది కాబట్టి వెంటనే వెనక్కి తెచ్చుకునేవాళ్లం. మాకు తెలియకుండానే మామ అన్నాళ్లు మొత్తుకున్నదంతా మా మానం కాపాడుకోవడానికి చేయసాగాం.

అప్పుడు ఆయన ఇంకో పని పెట్టాడు. రెండు కర్రల మధ్య నల్ల గుడ్డ ముక్క నడుము ఎత్తులో కట్టి, మా కాలి వేళ్ల కింద చెవి మీది సుద్ద రుద్దేవాడు. గుడ్డను తన్నమనేవాడు. తన్నాక దగ్గరికి పోయి కళ్లద్దాల్లోంచి చూసేవాడు. "గీత పడిందంటే కాలు ఆడ నిద్రపోయినట్టు. చుక్క పడిందంటే పోయి వచ్చినట్టు" అనేవాడు. చాలా రోజులు నాకు గీతలే పడ్డాయి. నూనె అంగడి విషయం గుర్తొచ్చి, పులివెందుల గుర్తొచ్చి, కసిగా తన్నితే గీత ఇంకా పొడుగయ్యేది. "కోపంలో కత్తెర పడితే గుడ్డ వంకర పోతాది. ఊపిరి ఇడిసి తన్ను" అన్నాడు. ఊపిరి వదిలి, ఏమీ అనుకోకుండా తన్నిన ఒక ఉదయం, నల్ల గుడ్డ మీద తెల్లటి చుక్క ఒకటి పడింది. దాన్ని చెరపడానికి నాకు మనసొప్పలేదు.

ప్రదర్శనకు ముందు మామ అందరి డ్రెస్సులూ తీసుకున్నాడు. ఉతికి గంజి పెట్టి జమ్మలమడుగులోనే ఇస్తానన్నాడు.

ఆ రోజు మా నాయన అంగడి మూసేశాడు. పెండ్లిళ్లకు కూడా మూసేవాడు కాదు. బస్సులో నా పక్కన కూర్చున్నాడు, కాళ్ల దగ్గర నా రేకు పెట్టె. అందులో నా బట్టలన్నీ సర్ది, అమ్మ పైన ఒక చిన్న మూటలో వేరుశనగ ఉండలు పెట్టింది. పెట్టె మూత వేసేటప్పుడు ఆమె కళ్లు తుడుచుకోవడం నేను చూశాను. జమ్మలమడుగులో బడి మైదానానికి పోయాక కూడా నాయన ఆ పెట్టెను వదలలేదు. ముందు వరసలో కుర్చీ వేసుకుని, పక్క కుర్చీలో పెట్టెను కూర్చోబెట్టాడు. చూడడానికి ఇద్దరు పెద్దమనుషులు వచ్చినట్టుంది.

పులివెందుల నుంచి వచ్చిన జట్టును చూడగానే మా గుండెలు జారిపోయాయి. వాళ్ల డ్రెస్సులు బెంగళూరు నుంచి తెప్పించినవట. గాలికి పావడాల్లా ఎగురుతున్నాయి. తన్నితే కాలు చెవి దాటిపోతోంది. జనం చప్పట్లే చప్పట్లు. మా జట్టు గంజికి అట్టముక్కల్లా బిగుసుకున్న ప్యాంట్లలో కాళ్లు దగ్గరపెట్టుకుని నిలబడింది. మాలో ఒకడు, వాళ్లలో ఒకడు ఎదురెదురుగా నిలబడాలి. దెబ్బ వెయ్యకూడదు, ఊరికే తాకాలి, లేదా ఎదుటివాడు పడాలి. నియమం అంతే. నాకు జోడీగా వచ్చినవాడు వాళ్లందరిలోకీ పొడుగుకాళ్ల పిల్లవాడు.

"మామా, పొట్ట నొస్తాంది" అన్నాను.

"మంచిదే. పొట్ట ఉన్నట్టు తెలుస్తాంది గదా. గాలి ఆడిదాకా తీసుకో" అన్నాడు మామ.

పొడుగువాడు రాగానే కేక పెట్టి కాలు ఎత్తాడు. నా జుట్టు మీదుగా గాలి పోయింది. జనం ఆహా అన్నారు. వాడికి ఆ ఆహా నచ్చింది, మళ్లీ ఎత్తాడు. నాకూ ఎత్తాలని ఎంత కోరికగా ఉందో. మా నాయన చూస్తున్నాడు, పెట్టె చూస్తోంది. ఒక్కసారి ఎత్తితే నాయన కూడా చప్పట్లు కొడతాడేమో అనిపించింది. కానీ అంతమంది ముందు పర్రుమంటే నేను పులివెందులకే కాదు, ఇంకా దూరం ఏదైనా ఊరుంటే దానికి పోవలసి వస్తుంది. కుట్టు తలచుకుని కాళ్లు దగ్గరికి తెచ్చుకున్నాను. వాడు మూడోసారి కాలెత్తి, చప్పట్ల కోసం దాన్ని అక్కడే ఒక క్షణం ఉంచాడు. అప్పుడు వాడు అచ్చం మామ చెప్పిన కొంగలా ఉన్నాడు. నేను ఊపిరి వదిలాను. మోకాలు లేచింది, పాదం వాడి నడుము పట్టీని తాకింది, వెనక్కి వచ్చి నేల మీద నిలబడింది. వాడు నెమ్మదిగా, కుర్చీ ఉందనుకుని కూర్చున్నవాడిలా, నేల మీద కూర్చున్నాడు. ఏం జరిగిందో వాడికీ తెలియలేదు, జనానికీ తెలియలేదు. కాసేపటికి తెలిసి నవ్వారు. వాడూ నవ్వి నాకు చెయ్యిచ్చాడు.

బయటికి రాగానే మామ నన్ను గోడ పక్కకు తీసుకుపోయాడు. మా నాయన పెట్టె పట్టుకుని వెనకే వచ్చాడు.

"ఇప్పుడు పైకి లేపు. ఎంత లేస్తే అంత" అన్నాడు మామ.

"వద్దు మామా, సినిగిపోతాది."

"లేపరా, ఏంగాదు."

ఒక చెయ్యి వెనక అడ్డం పెట్టుకుని, పళ్లు బిగబట్టి కాలు లేపాను. నడుము దాటింది, రొమ్ము దాటింది, ముఖం దాకా పోయింది. ఏ శబ్దమూ రాలేదు. వంగి చూసుకుంటే కాళ్ల మధ్య కొత్త గుడ్డ ముక్క, పెద్దది, వదులుగా కుట్టి ఉంది. బిగువనుకున్నదంతా గంజి బిగువు.

"ఎప్పుడు కుట్టినావు మామా?"

"గంజి పెట్టే దినమే. అందరివీ."

"మరి సెప్పలేదే?"

"సెప్పింటే నువ్వు గూడా ఆకాశంలో మోడాలను తన్నింటావు. కొంగలు రెండయ్యేవి."

"సెప్పకూడదనుకుంటే మరి ఎందుకు కుట్టినావు?" అని అడిగాను.

ఆయన కళ్లద్దాలు తీసి అంగీ కొసతో తుడుచుకున్నాడు. "ఎవురైనా మర్చిపోయి లేపితే? నలుగుర్లో నా పిల్లోళ్ల మానం పోగూడదు గదప్పా" అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. గెలిచినందుకు కాదు. మాకు కుదురు రావాలని ఆయన తన చేతిపనికి చెడ్డపేరు తెచ్చుకున్నాడు. వీధి వీధంతా నవ్వుతుంటే ఒక్క మాట చెప్పి నోళ్లు మూయించగలిగీ చెప్పలేదు. మా పరువు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాత్రీ పగలూ కూర్చుని అందరి కుట్లూ విప్పి వదులు చేశాడు. అదంతా ఆ వయసులో మాటల్లో పెట్టలేక ఆయన నడుము పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

బస్టాండులో పులివెందుల బస్సు ఒకపక్క, ప్రొద్దుటూరు బస్సు ఒకపక్క నిలబడి ఉన్నాయి. నాయన రెండింటినీ చూసి, పెట్టెను ప్రొద్దుటూరు బస్సులోకి ఎక్కించాడు. ఎక్కించి, మూత తీసి, మూటలోంచి వేరుశనగ ఉండ ఒకటి తీసి తను కొరికి, ఒకటి మామకిచ్చాడు. సగం దారిలో, కిటికీ బయటికి చూస్తూ, "బావా, నాకు అంగీలు కుట్టల్ల. నూలు గుడ్డ ఇంట్లో ఉంది" అన్నాడు. మా వీధిలో మా నాయన కుట్టించుకుంటే మిగతావాళ్లు కుట్టించుకోకుండా ఉండరని ఆయనకూ తెలుసు, మామకూ తెలుసు.

మామ కొలతలకు వచ్చినప్పుడు అమ్మ ఆయన్ను వాకిట్లోనే ఆపింది. "అంగీలు అట్లుండనీ అన్నా. ఆ ప్యాంటుకు ఏసిన కుట్టు ముందు ఈయన నోటికి ఎయ్యి" అంది. మా నాయన అరవబోయి, ఆగి, నవ్వేశాడు. ఆ నవ్వు మా ఇంట్లో అంతకు ముందు నేను వినలేదు.

ఇవన్నీ జరిగి ఎంతకాలమైందో. టైలర్ మామ పోయాడు, మా నాయనా అమ్మా పోయారు. మొన్న పులివెందులకు పోయాను. మేనమామ కొడుకుకూ నాకూ చీనీ తోట గట్టు దగ్గర మాటా మాటా పెరిగింది. వాడు నన్నన్నాడు, తోటలో మా అమ్మకు వాటా ఎక్కడిదన్నాడు, చేతులెత్తి ఆకాశానికి వినిపించేట్టు అరిచాడు. నా దగ్గర ఒక మాట సిద్ధంగా ఉంది. అది అంటే వాడి ముఖం మళ్లీ చూడాల్సిన పని ఉండేది కాదు. ఆ మాట నాలుక దాకా లేచింది. ఎందుకో ఆ పాత ప్యాంటులో ఉన్నట్టు ఒళ్లంతా బిగుసుకుని, ఊపిరి వదిలి దాన్ని వెనక్కి తెచ్చుకున్నాను. "గట్టు మా తాత ఏసింది బావా, అదెక్కడికీ పోదు" అని ఒక్కటే అన్నాను. వాడు ఇంకా కాసేపు ఒంటరిగా అరిచి, అలిసిపోయి, గట్టు మీద కూర్చున్నాడు. కూర్చుని, "నీళ్లు తాగుతావా బావా" అన్నాడు. ఇద్దరం తాగాం.

తన్నే కాలు నాకిప్పుడు లేదు. మోకాళ్లు మెట్లెక్కడానికే మొరాయిస్తున్నాయి. వెనక్కి తెచ్చుకోవడం మాత్రం ఇంకా చేతనవుతోంది.